ఎండుపుల్లలు తెచ్చిన పుష్పకేతు

అనగా అనగా, చినుకు పడి ఏడేళ్ళయిన ఒక రాజ్యం. దాని పేరు సైకతపురం. ఆ రాజ్యానికి మణికేతు అనే రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరకేతు, అతనికి కత్తి అంటే ప్రాణం. రెండోవాడు ధీరకేతు, అతనికి గుర్రమంటే ప్రాణం. మూడోవాడు పుష్పకేతు, అతనికి మట్టి అంటే ప్రాణం. రాజుగారి కొడుక్కి మట్టితో పనేమిటని మీరు నవ్వుతారని నాకు తెలుసు. ఆ ఊరివాళ్ళూ అలాగే నవ్వారు. నవ్వితే నవ్వారులే అని పుష్పకేతు తన మానాన తను పెరట్లో తవ్వుకుంటూ, నాటుకుంటూ, గోళ్ళ నిండా మన్నుతో భోజనానికి వచ్చి అమ్మ చేత చివాట్లు తింటూ ఉండేవాడు.

వాన లేకపోయినా సైకతపురం ఎలాగో నెట్టుకొచ్చేది. ఊళ్ళో లోతైన బావులు మూడున్నాయి. ఇంట్లో మనిషికి రోజుకు మూడు చెంబుల నీళ్ళు కొలిచి పోసేవాళ్ళు. అసలు బాధ ఇసుకతో వచ్చింది. పడమటి నుంచి ఇసుక నడిచి వస్తోంది. గాలి తోస్తే ఒక దిబ్బ వచ్చి రెండో దిబ్బ మీద పడుతుంది, రెండోది వెళ్ళి మూడోదాని మీద పడుతుంది. అలా ఒక ఏడు ఒక పల్లె ఇసుక కిందికి పోయింది. మరుసటి ఏడు ఇంకో పల్లె పోయింది. ఆ మరుసటి ఏడు ఇంకొకటి పోయింది. ఇక మిగిలింది కోటా, కోట చుట్టూ ఉన్న ఊరూ.

ఒకరోజు మణికేతు అందరినీ పిలిచి చెప్పాడు.

"ఇసుక కోటగోడను తాకడానికి ఇంకా రెండేళ్ళు పడుతుంది. తాకిన రోజున మీరంతా పిల్లాజెల్లాతో ఎటు వీలైతే అటు వెళ్ళిపోండి. నేను మాత్రం రాను. మా తాతముత్తాతలు ఏలిన గడ్డ ఇది. ఇది ఏమైతే నేనూ అదే అవుతాను."

ఆ మాట పుష్పకేతు నమ్మాడు. తండ్రి ఊరికే బెదిరించే మనిషి కాదు. అన్నాడంటే చేస్తాడు.

అప్పుడు ముసలి మంత్రి లేచి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, మా తాతగారు చెబుతుండేవారు. వెనకటి రోజుల్లో మన పొలిమేర పొడుగునా మరుమంజరి అనే పొద ఉండేదిట. బూడిదరంగు ఆకులు, ఊదారంగు పూలు. వాన అడగదు, ఎరువు అడగదు. ఎంత ఎండితే అంత గట్టిపడి, వేళ్ళతో ఇసుకను పట్టుకుని కదలనిచ్చేది కాదుట. శుష్కదంతుడనే మాంత్రికుడు వచ్చి ఒక్క పూటలో అన్నిటినీ పెరుక్కుపోయాడు. ఏడు ఇసుక సముద్రాల అవతల తోట వేసుకున్నాడు. దాని కొమ్మ ఒక్కటి తేగలిగితే మనం బతికినట్టే."

శూరకేతు కత్తి దూసి, "నేను తెస్తాను" అని వెళ్ళాడు. ఆరు నెలలు చూశారు. రాలేదు. ధీరకేతు గుర్రమెక్కి, "నేను తెస్తాను" అని వెళ్ళాడు. ఇంకో ఆరు నెలలు చూశారు. రాలేదు. అప్పుడు పుష్పకేతు చేతుల మన్ను దులుపుకుని తండ్రి ముందుకు వచ్చాడు.

"కత్తి పట్టినవాడు రాలేదు. గుర్రమెక్కినవాడు రాలేదు. ఉత్త చేతులతో నువ్వెళ్ళి ఏం చేస్తావురా?" అన్నాడు మణికేతు.

"తేవలసింది మొక్కను కదా నాన్నగారూ. మొక్కల పని నాకు వచ్చు" అన్నాడు పుష్పకేతు.

రాజు కొడుకు తల మీద చెయ్యి పెట్టాడు. పుష్పకేతు ఒక తోలుతిత్తి నిండా నీళ్ళు పట్టుకుని, ఒక చిన్న పార భుజాన వేసుకుని బయలుదేరాడు.

మొదటి ఇసుక సముద్రం తెల్లగా ఉంది. దాని ఒడ్డున ఒక ముసలి ఒంటె కూలబడి ఉంది. కాలిలో ముల్లు దిగిందని వ్యాపారులు దాన్ని వదిలేసి పోయారు. పుష్పకేతు ముల్లు తీసి, తిత్తిలో నీళ్ళు సగం దానికి పోశాడు. ఒంటె తాగి, లేచి, ఒళ్ళు దులుపుకుని, "నాయనా, నీళ్ళు కాస్త వెచ్చగా ఉన్నాయి. అయినా మంచివాడివే. ఎక్కు" అంది. ఆ ఒంటెకు ఒక గుణం ఉంది. అది ఎంత మేలు చేసినా సణుగుతూనే చేస్తుంది. మీ ఇళ్ళల్లో కూడా అలాంటివాళ్ళు ఉండే ఉంటారు.

రెండో ఇసుక సముద్రం పచ్చగా ఉంది. ఒంటె సణుగుతూ దాటించింది. మూడోది ఎర్రగా ఉంది. దాని మధ్యలో ఒక ఉడుము రాతి కింద తోక ఇరుక్కుని గింజుకుంటోంది. పుష్పకేతు పారతో రాయి పైకెత్తాడు. ఉడుము తోక లాక్కుని, "నాకు మాటలు తక్కువ. నీతో వస్తాను" అని ఒక్క గెంతులో సంచీలో దూరింది. నాలుగో సముద్రం దాటారు. అయిదోది దాటారు. ఆరోది దాటారు. ఏడో ఇసుక సముద్రం నల్లగా ఉంది. అదీ దాటేసరికి కనుచూపు మేర బూడిదరంగు పొదలు, వరసలు వరసలుగా. వెయ్యి పొదలు. ఒక్కదానికీ పువ్వు లేదు.

తోట గుమ్మానికి అటొక బండ, ఇటొక బండ నిలబెట్టి ఉన్నాయి. ఒక బండ మీద మాంత్రికుడి పంచె ఆరేసి ఉంది. ఇంకో బండ మీద ఆయనగారి చెప్పులున్నాయి. ఒంటె రెండు బండలనూ వాసన చూసి, "నాయనా, వీటికి నీ వాసనే వస్తోంది" అంది. పుష్పకేతు దగ్గరికి వెళ్ళి చూశాడు. ఒక బండకు నడుము దగ్గర కత్తి ఒర ఆకారం. ఇంకో బండకు కాలి దగ్గర గుర్రపు కళ్ళెం ఆకారం. అన్నలిద్దరూ అలా అయిపోయారని తెలిసి అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఇంతలో శుష్కదంతుడు వచ్చాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, తాటాకంత సన్నం. నవ్వితే పళ్ళు ఒకదానికొకటి తగిలి టకటకమని చప్పుడు.

"మరుమంజరి కోసమేనా? మూడు పనులు పెడతాను. మూడూ చేస్తే కొమ్మలు నీవి. ఒక్కటి తప్పినా నువ్వు నాకు మూడో బండవు. నా తలపాగా పెట్టుకోవడానికి చోటు లేక ఇబ్బందిగా ఉంది" అన్నాడు.

మొదటి పని. నూరు ఎండుపుల్లల మోపు తెచ్చి ముందు పడేశాడు. "ఇందులో ఒక్కటే బతికి ఉంది. అది ఏదో చెప్పు."

పుష్పకేతు మోపు విప్పి, ఒక్కొక్క పుల్లా తీసి, గోటితో బెరడు రవ్వంత గీకి చూశాడు. గోధుమరంగు. ఇంకొకటి గీకాడు. గోధుమరంగు. డెబ్బై ఏడో పుల్ల గీకేసరికి లోపల లేత పచ్చ కనిపించింది.

"ఇదీ" అన్నాడు.

శుష్కదంతుడి మొహం మాడిపోయింది. "మీ పెద్దన్న నూరింటినీ కత్తితో ముక్కలు చేసి చూశాడు. బతికున్నదాన్ని కూడా చంపాడు. సరే, రెండో పని. ఆ పుల్లకు మూడు రోజుల్లో వేరు రావాలి" అని వెళ్ళిపోయాడు.

పుష్పకేతు పుల్ల కింది కొసను ఏటవాలుగా కోసి, గొయ్యి తీసి, తిత్తి మూత విప్పాడు. నీళ్ళు పొయ్యబోతుంటే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి చూస్తే ఒక అమ్మాయి. చేతిలో చీపురు, జడలో ఎండుటాకులు. పేరు పాటలి. ఒకప్పుడు మరుమంజరిని పెంచిన వంశం ఆమెది. మాంత్రికుడు మొక్కలను చూసుకునే మనిషి కావాలని ఆమెను చిన్నప్పుడే ఎత్తుకొచ్చాడు.

"పొయ్యండి రాకుమారా, పొయ్యండి. మీ రెండో అన్నగారూ ఇలాగే పోశారు. పుల్ల ఒక్క రోజులో కుళ్ళిపోయింది. ఆయన ఇప్పుడు చెప్పులు మోస్తున్నారు" అంది.

పుష్పకేతు గబుక్కున మూత బిగించాడు. "మరి ఏం చెయ్యను?"

"కోసిన చోటు గాయం. గాయం ఆరకముందు తడి తగిలితే చీము పట్టదూ? నీడలో ఒక రోజంతా ఆరబెట్టండి. తర్వాత ఇసుకలో చిన్నరాళ్ళు కలిపి గుచ్చండి. మట్టి వద్దు, ఎరువు వద్దు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏమీ చెయ్యకూడదు."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ. అదే అన్నిటికంటే కష్టం."

నిజంగానే కష్టమైంది. పుల్ల పెట్టిన రోజు నుంచి పుష్పకేతుకు కాలూ చెయ్యీ ఆడలేదు. కాస్త కదిపి చూద్దామా, ఒక్క చుక్క చిలకరిద్దామా అని లేస్తాడు. చివరికి ఒంటె వచ్చి అతని ఉత్తరీయం మీద కూర్చుంది. "లేచావంటే బట్ట చిరుగుతుంది నాయనా. నాకేం లేదు, నష్టం నీకే" అంది. మూడో రోజు సాయంత్రం పుల్ల తీసి చూస్తే కింద తెల్లటి వేరు, అన్నం మెతుకంత.

ఆ మూడు రోజులూ పాటలి ఆకులూడుస్తూ అతనితో మాట్లాడుతూనే ఉంది. మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉందని, అది చిలక నాలుక కింద ఉందని చెప్పింది.

"అది నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడితే ప్రాణం జారి పడుతుంది. అందుకే ఎవరూ దాన్ని పలకరించకూడదని ఆజ్ఞ. దాని కళ్ళల్లోకి చూసి పలకరిస్తే అది పలక్కుండా ఉండలేదు. కానీ అది కనబడదు. బూడిదరంగు చిలక. బూడిదరంగు ఆకుల్లో ఎక్కడ కూర్చుందో పదేళ్ళుగా వెతుకుతున్నాను. వాడు మీ పొలిమేర మరుమంజరినంతా పెరుక్కొచ్చింది ఆ చిలకను దాచడానికే."

"పూలు పూస్తే కనబడదా?" అన్నాడు పుష్పకేతు.

"కనబడుతుంది. కానీ పూయనివ్వడు. ఈ మొక్క నీళ్ళు తాగి పూయదు రాకుమారా. గాలిలో తడి తగలాలి. వాన వస్తోందని ఆకుకు తెలియాలి. ఆ తడిగాలిని వాడు ఇటు రానివ్వడు."

పుష్పకేతు ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

మూడో పని చెప్పడానికి వచ్చినప్పుడు శుష్కదంతుడు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. పళ్ళు టకటకమంటున్నాయి. "అదుగో బావి. ఇదుగో కుండ. పొద్దు వాలేలోగా వెయ్యి పొదలున్న ఈ తోటకంతా నీళ్ళు పెట్టు. ఒక్క పొద చచ్చినా నువ్వు బండవే" అన్నాడు.

కుండ ఎత్తి చూస్తే అడుగున బొక్క. సంచీలోంచి ఉడుము బయటికి వచ్చి, ఏమీ అనకుండా కుండలోకి దిగి, బొక్కకు పొట్ట ఆనించి, నాలుగు కాళ్ళతో గట్టిగా పట్టుకుంది. ఉడుము పట్టు సంగతి మీకు చెప్పాలా? ఒక్క చుక్క కారలేదు. ఒంటె తాడు లాగితే పుష్పకేతు కుండ నింపుకున్నాడు.

తీరా నింపాక ఆగిపోయాడు. పాదుల్లో పోస్తే మొక్కలు చస్తాయి. పొయ్యకపోతే పని తప్పినట్టు. తోటకంతా నీళ్ళు పెట్టమన్నాడు గానీ మొక్కల మొదళ్ళలోనే పొయ్యమనలేదు కదా! మిట్టమధ్యాహ్నం. వరసల మధ్య దారులకు నల్లరాళ్ళు పరిచి ఉన్నాయి. అవి కాలే పెనంలా ఉన్నాయి. పుష్పకేతు కుండెడు నీళ్ళూ ఆ రాళ్ళ మీద కుమ్మరించాడు.

చుయ్యిమంది. ఆవిరి లేచింది.

ఇంకో కుండ పోశాడు. మళ్ళీ చుయ్యిమంది. ఈ దారిన పోశాడు, ఆ దారిన పోశాడు. ఒంటె సణుగుతూ లాగింది. పాటలి చీపురు పారేసి తనూ ఒక బిందె పట్టుకుంది. కాసేపటికి తోటంతా వెచ్చటి ఆవిరి కమ్ముకుంది. ఒక ఆకు కదిలింది. ఒక మొగ్గ విచ్చింది. పక్కన ఇంకోటి విచ్చింది. చూస్తుండగానే మొదటి వరస ఊదారంగైంది, రెండో వరస ఊదారంగైంది, వెయ్యి పొదలూ వాన వస్తోందనుకుని ఒక్కసారిగా విరగబూశాయి. మూడువందల ఏళ్ళుగా పూయని తోట అది. పాటలి బిందె పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చేసింది.

ఆ ఊదా పూల మధ్య, నడి వరసలో, బూడిదరంగు చిలక ఒకటి ఎక్కడ దాక్కోవాలో తెలియక బిత్తరపోయి కూర్చుని ఉంది.

శుష్కదంతుడు పరుగెత్తుకొచ్చాడు. "దాని జోలికి వెళ్ళకు! చూడకు! పలకరించకు!" అని అరుస్తూ మంత్రదండం ఎత్తాడు. పుష్పకేతు చిలక ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని కళ్ళల్లోకి చూసి, చుట్టం ఇంటికి వెళ్ళినప్పుడు అడిగినట్టు అడిగాడు.

"చిలకమ్మా, బాగున్నావా?"

మూడువందల ఏళ్ళలో ఆ మాట దాన్ని అడిగినవాళ్ళు లేరు. చిలక కళ్ళు నీళ్ళతో నిండాయి. నోరు తెరిచింది. "ఏం బాగులే నాయనా!" అంది.

అంతే. నాలుక కింది నుంచి మిణుకుమంటూ నిప్పురవ్వ ఒకటి జారి తడి రాతి మీద పడి ఆరిపోయింది. ఎత్తిన మంత్రదండం ఎత్తినట్టే ఉండగా శుష్కదంతుడు కాళ్ళ దగ్గర్నుంచి పొడిపొడిగా రాలిపోయాడు. చిలక మాత్రం ఆగలేదు. మూడువందల ఏళ్ళ మాటలు దాచుకుందాయె. మాట్లాడుతూ మాట్లాడుతూ తూర్పువైపు ఎగిరిపోయింది.

గుమ్మం దగ్గర బండలు మనుషులయ్యాయి. శూరకేతు నెత్తిన పంచె తీసి విసిరికొట్టాడు. ధీరకేతు చెప్పులు చూసి, "తమ్ముడూ, ఈ సంగతి నాన్నగారికి చెప్పకు" అన్నాడు.

అన్నలిద్దరూ పెద్ద పెద్ద పొదలు వేళ్ళతో సహా పెకలించి నెత్తిన పెట్టుకున్నారు. పుష్పకేతు, పాటలి నూరు కొమ్మలు కోసి, నీడలో ఆరబెట్టి, మోపు కట్టి ఒంటె మీద వేశారు. అయిదో ఇసుక సముద్రం దగ్గరికి వచ్చేసరికి అన్నల పొదలు చిటపటమని రాలిపోయాయి. కొమ్మలు మాత్రం పైకి ఎండినా లోపల పచ్చగా ఇల్లు చేరాయి.

ఇల్లు చేరేసరికి గడువు ఆరు నెలలే మిగిలింది. ఇసుక కోటకు కూతవేటు దూరానికి వచ్చేసింది. ఊరంతా ఎదురొచ్చింది. మోపు చూసి, "ఎండుపుల్లలా? పొయ్యిలోకి తెచ్చాడా ఏమిటి?" అని గుసగుసలాడారు. పుష్పకేతు నూరు పుల్లలూ ఇసుకకు ఎదురుగా వరసగా గుచ్చి, ఊరందరికీ చెప్పాడు.

"దయచేసి వీటికి నీళ్ళు పొయ్యకండి. ఒక్క చుక్క కూడా వద్దు."

అందరూ తలలూపారు. రెండు వారాలకు చిన్న చిన్న ఆకులు వచ్చాయి. ఊరంతా పండగ చేసుకున్నారు. నెల తిరిగేసరికి ఒక పుల్ల మెత్తబడి వాలిపోయింది. మర్నాడు పది వాలిపోయాయి. ఆ మర్నాడు ఇరవై. పుష్పకేతు వాటిని తీసి చూస్తే మొదళ్ళు కుళ్ళి కంపు కొడుతున్నాయి. ఇసుకలో వేలు పెడితే తడి తగిలింది.

"ఎవరో పోస్తున్నారు" అంది పాటలి.

తెల్లవారుతుండగా ఇద్దరూ వెళ్ళి దిబ్బ చాటున కూర్చున్నారు. ముందు ఈరమ్మ అనే ముసలమ్మ వచ్చింది. చెంబులో తన వంతు నీళ్ళు పుల్ల మొదట్లో పోసి, దణ్ణం పెట్టుకుని వెళ్ళింది. ఆమె వెనకే కుమ్మరి వచ్చాడు. ఆయన వెనకే ఒక పిల్లల తల్లి వచ్చింది. చివరికి తలకు గుడ్డ చుట్టుకుని, చెంబు పట్టుకుని వచ్చిన మనిషిని చూసి పుష్పకేతు లేచి నిలబడ్డాడు. అది తన తండ్రి. రాజుగారి పెదవులు దాహంతో పగిలి ఉన్నాయి.

"నాన్నగారూ! వద్దన్నాను కదా!"

"అన్నావులేరా. మర్యాదకు అన్నావు. నాకు తెలియదా?" అన్నాడు మణికేతు.

అప్పుడు పుష్పకేతుకు అర్థమైంది. సైకతపురంలో ఒక ఆచారం ఉంది. అక్కడ నీళ్ళు కరువు కదా. అందుకని ఎవరింటికి వెళ్ళినా, నీళ్ళిస్తే అతిథి "వద్దండీ, ఒక్క చుక్క కూడా వద్దు" అనాలి. అన్నా సరే ఇంటివాళ్ళు ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే అంతకంటే సిగ్గుచేటు లేదు. పుష్పకేతు ఒక్క చుక్క కూడా వద్దన్నాడు కాబట్టి, ఊరంతా తమ గొంతులు ఎండగట్టుకుని చాటుగా పోశారు. ఇంత ప్రేమను కోప్పడటం ఎలా? కోప్పడకపోతే ఊరు దక్కడం ఎలా?

చివరికి నూరింటిలో మూడు పుల్లలే బతికి మిగిలాయి. తోటకు వెళ్ళి మళ్ళీ తెచ్చే వ్యవధి లేదు. పుష్పకేతు తల పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. శూరకేతు, "అడ్డంగా నిలబడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు కొడతాను" అన్నాడు. ధీరకేతు, "కంచె కట్టి గుర్రం మీద కాపలా తిరుగుతాను" అన్నాడు. పుష్పకేతు వినడం లేదు. పాటలి అతని పక్కన కూర్చుని అడిగింది.

"మీ ఊళ్ళో అతిథి తన వెంట నీళ్ళు తెచ్చుకుని ఇంటివాళ్ళకిస్తే తీసుకుంటారా?"

"ఛ! ఎక్కడైనా ఉందా? అతిథి చేతి నీళ్ళు ఇంటివాళ్ళు తాగితే పరువేం కాను? ఇంటివాళ్ళే అతిథికివ్వాలి."

"ఇస్తే అతిథి తాగాలా?"

"తాగి తీరాలి. చుక్క మిగల్చకూడదు" అన్నాడు పుష్పకేతు. అని, పాటలి మొహం చూసి, దిగ్గున లేచాడు.

మర్నాడు పొద్దున్నే మూడు పుల్లల ముందు చాప వేయించాడు. ఈరమ్మ చెంబుతో వచ్చింది.

"రా అవ్వా, కూర్చో. ఇవాళ్టి నుంచి ఈ నేల మరుమంజరిది. ఇది ఆమె ఇల్లు. నువ్వు అతిథివి. చెంబులో నీళ్ళు ఆమె నీకిస్తోంది. తాగు."

ఈరమ్మ నోరు తెరిచింది. "నేనెట్టా తాగేది బాబూ? దాహంతో సచ్చిపోద్ది పాపం, ఆ తల్లి! నాకొద్దయ్యా, ఒక్క చుక్క కూడా వద్దు."

"మర్యాదకు వద్దన్నావు. ఇక తాగు. ఇంటావిడ ఇచ్చింది కాదంటావా?"

ముసలమ్మ పుల్లవైపు చూసింది. చెంబువైపు చూసింది. కాదనడం ఆ ఊళ్ళో పుట్టిన మనిషికి చేతకాదు. చాప మీద కూర్చుని, పైట కొంగుతో మూతి తుడుచుకుని, గటగటా తాగేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తాగిందేమో, ఆమె కళ్ళల్లోకి వెలుగొచ్చింది. ఆమె తర్వాత కుమ్మరి తాగాడు. పిల్లల తల్లి తాగింది. రాజుగారు అందరికంటే ఎక్కువసేపు మొరాయించి, పాటలి గట్టిగా చూస్తే, ఆయనా తాగాడు.

ఇక పుల్లల మొదళ్ళలో చుక్క పడలేదు. మూడు పుల్లలూ ఎండకు కాగి, దాహానికి వేళ్ళు లోపలికి లోపలికి పంపి, గట్టిపడ్డాయి. నెల తిరిగేసరికి ఒక్కొక్కటి ఏడేసి కొమ్మలు వేసింది. వాటిని కోసి, ఆరబెట్టి, గుచ్చితే ఇరవై ఒకటి. ఇంకో నెలకు నూట నలభై ఏడు. మరో నెలకు వెయ్యిన్నీ ఇరవై తొమ్మిది. ఇప్పుడు ఊరంతా పుల్లలు గుచ్చేవాళ్ళే. కోసిన చోటు ఆరిందా లేదా అని చిన్నపిల్లలు కూడా పెద్దల్ని గదమాయించేవాళ్ళు.

ఆరో నెలలో పెద్దగాలి వచ్చింది. ఏటా పల్లెల్ని మింగిన గాలి అదే. జనమంతా కోటలోకి వచ్చి తలుపులు వేసుకున్నారు. మూటలు కట్టుకున్నారు. మణికేతు మాత్రం మూట కట్టుకోలేదు. సింహాసనం మీద కూర్చుని కొడుకుల వైపు చూస్తూ ఉండిపోయాడు. గాలి ఒక రోజు వీచింది. రెండో రోజు వీచింది. మూడో రోజు మధ్యాహ్నం దాకా వీచి, ఆగింది.

ఎవరూ కదల్లేదు. చివరికి పుష్పకేతు లేచి పడమటి వాకిలి దగ్గరికి నడిచాడు. తలుపు వెనక ఇసుక ఉంటే అది తెరుచుకోదు. శూరకేతు, ధీరకేతు పారలు పట్టుకుని వెనక నిలబడ్డారు. పుష్పకేతు గడియ తీసి నెట్టాడు.

తలుపు హాయిగా తెరుచుకుంది.

వాకిట్లో గుప్పెడు ఇసుక లేదు. దూరంగా, మరుమంజరి వరసకు అవతల, నిలువెత్తు దిబ్బ ఆగి నిలబడి ఉంది. ఇవతలికి ఒక్క అడుగు వెయ్యలేదు. వరసంతా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఊదారంగు పూలు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. పాటలి తల పైకెత్తి గాలి పీల్చి, "వాన!" అని కేక పెట్టింది.

మణికేతు కోట దిగి బయటికి వచ్చాడు. కొడుకు భుజం పట్టుకుని నిలబడ్డాడు. "బతికించావురా" అన్నాడు. మొదటి చినుకు సరిగ్గా ఆయన ముక్కు మీద పడింది. తొమ్మిదేళ్ళకు పడిన చినుకు. రాజుగారు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ వానలోనే పందిరి వేశారు. పుష్పకేతుకు, పాటలికి పెళ్ళి చేశారు. పందిరి కారింది, పురోహితుడు తడిసి ముద్దయ్యాడు, వంటవాళ్ళు గొడుగుల కింద వండారు. ఒంటె మూడు బుట్టల లడ్లు తిని, తీపి తక్కువైందని సణిగింది. ఉడుము అయిదు తిని ఏమీ అనలేదు. కత్తి అన్న, గుర్రం అన్న ఇద్దరూ మనస్ఫూర్తిగా తమ్ముణ్ణే పట్టం కట్టుకోమన్నారు.

పుష్పకేతు, పాటలి యాభై ఏళ్ళు రాజ్యమేలారు. గోళ్ళల్లో మన్ను మాత్రం ఎప్పుడూ పోలేదు. ఏటా ఒక వరస ముందుకు నాటుతూ, ఏటా ఇసుకను ఒక వరస వెనక్కి నెట్టారు. ఏడో ఏట ఒక పల్లె ఇంటికప్పులు బయటపడ్డాయి. పద్నాలుగో ఏట ఇంకో పల్లె. ఇరవై ఒకటో ఏట మూడో పల్లె బయటపడితే, అక్కడివాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లలు వెళ్ళి తలుపులు తీసి, ఇసుక ఊడ్చుకుని, పొయ్యి రాజేశారు. అక్కడ వాళ్ళ అన్నం ఉడికింది. ఇక్కడ మన కథ అయిపోయింది.